ముప్పై ఒక్క గుంతలు

చిగోంబె అంధుల శిక్షణ కేంద్రం,
8 జూన్ 1986

తియామికె అమ్మకు,

చేరాను. థ్యోలో పట్నం నుంచి రెండు బస్సులు, పదకొండు గంటలు. రెండో బస్సులో నా ఒళ్లో ఎవరిదో కోడి ఉంది. అది తప్ప ఇబ్బంది ఏమీ లేదు.

నేను చెబుతుంటే ఆఫీసు గుమాస్తా మిస్ న్యిరెండా ఈ ఉత్తరం రాస్తోంది. నీ ఉత్తరాలు కూడా ఆమే చదివి వినిపిస్తుంది. అది గుర్తుపెట్టుకుని రాయి.

ఇక్కడ మేం ఇరవై రెండు మందిమి. తొమ్మిది మంది నాలాగే నది ఒడ్డు ఊళ్లవాళ్లు, నల్ల ఈగలు కుట్టి చూపు పోయినవాళ్లు. చాప అల్లడం, చెప్పులు కుట్టడం, వ్యవసాయం, మూడు పనులు నేర్పుతారు. నేను వ్యవసాయం అన్నాను. ఏడాది తేయాకు తోటలో తూకం వేశావట కదా, ఇంకేదైనా కూర్చుని చేసే పని ఎంచుకోవచ్చుగా అని అడిగారు. నేను ఇల్లరికపు అల్లుణ్ణి, పార పట్టకపోతే నాకు ఊరే లేదు అన్నాను. ఇంకెవరూ ఏమీ అడగలేదు. ఇక్కడున్న మగవాళ్లలో సగం మంది భార్యల ఊళ్లలో ఉంటున్నవాళ్లే.

నేను వచ్చేముందు మీ మేనమామ, కచింగ్వే మామయ్య, నీతో ఏదో మాట్లాడాడు. నేను స్నానం చేస్తున్నాననుకున్నారు మీరు. నీళ్లు ఆపి విన్నాను కానీ పూర్తిగా వినపడలేదు. ఏమన్నాడో రాయి.

బిస్విక్


నమిసోంగా,
2 జులై 1986

తియామికె నాన్నగారికి ఎనెలెసి నమస్కారాలు.

ఉత్తరం పది రోజులకు అందింది. తియామికె రోజూ అడుగుతోంది, నాన్నకి అక్కడ కళ్లు పెడుతున్నారా అని. కాదు, చేతులకు పని పెడుతున్నారని చెప్పాను. దానికి నచ్చలేదు.

మామయ్య అన్నది రాయమన్నారు. మిస్ న్యిరెండా గారు చదువుతారని తెలిసీ రాస్తున్నాను, ఎందుకంటే ఊళ్లో దాపరికం ఏమీ లేదు, అందరికీ తెలుసు. మూడేళ్లుగా మన పొలం మా అన్నదమ్ములు దున్నుతున్నారు. వాళ్ల భార్యల ఊళ్లలో వాళ్ల పని వాళ్లకుంది. ఈ పంట దాకా చూస్తాను అన్నాడు మామయ్య. "అల్లుడు తన చేను తాను చేసుకున్నాడా, ఉంటాడు. లేదా, వాళ్లవాళ్లకి కబురు పెడతాను, వచ్చి తీసుకెళతారు. నాకు కోపం లేదమ్మాయ్. మన నేల ఇది, చేసేవాడికే ఇవ్వాలి" అన్నాడు.

పాప మాటేమిటి అని అడిగాను. పాప మన వంశం కదా, ఎక్కడికి పోతుంది అన్నాడు.

మీకు తెలియనిది ఇందులో ఏముంది? కాకపోతే గడువు మాత్రం ఇప్పుడు చెప్పాడు. పంట అంటే ఏప్రిల్.

ఎనెలెసి


చిగోంబె,
30 ఆగస్టు 1986

తియామికె అమ్మకు,

ఇది నేనే టైపు చేస్తున్నాను. వ్యవసాయం నేర్చుకునేవాళ్లకి కూడా ఇక్కడ టైపు నేర్పుతారు. పది వేళ్లు తెలివిగా ఉంటేనే కలుపు తీయగలరట. తప్పులుంటే సర్దుకుని చదువుకో. నువ్వు రాసింది నాలుగుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి మిస్ న్యిరెండా, "ఏప్రిల్ అనే ఉందండీ, ఎన్నిసార్లు చదివినా మే అవదు" అంది.

మా గురువు పేరు సుమైలి. ఆయనకీ చూపు లేదు, పన్నెండో ఏట పోయింది. మొదటి రోజు నేను బోదె తోస్తుంటే నా వెనకే బోదెని కాళ్లతో తడుముతూ నడిచి, "వంకరగా ఉంది" అన్నాడు. కనబడదు కదా సార్ అన్నాను. "కళ్లున్నవాళ్ల బోదెలూ వంకరే. వాళ్లకి సాకు లేదు, నీకుంది, అంతే తేడా. ఆ సాకు ఇవాళ్టితో తీసేస్తున్నాను" అన్నాడు.

పద్ధతి ఇది. రెండు గూటాలు, వాటి మధ్య తాడు. తాడుకి మూడడుగులకో ముడి. వట్టి కాళ్లతో తాడు వెంట నడుస్తూ బోదె తోయాలి. నాటేటప్పుడు ముడి ముడికీ ఒక గుంత, గుంతకి మూడు గింజలు. ఒక సాలయ్యాక కర్రతో కొలిచి గూటాలు పక్కకి మార్చుకోవాలి. కలుపు మోకాళ్ల మీద తీయాలి. మొక్కజొన్న మొదలు కొంచెం బల్లపరుపుగా ఉంటుంది, దాన్ని పోలిన గడ్డి మొదలు గుండ్రంగా ఉంటుంది. మొదటి వారం నేను మొక్కలు పీకి గడ్డి పెంచాను. ఇప్పుడు నూటికి రెండు తప్పుతున్నాయి.

అసలు సంగతి. నవంబరులో మూడు వారాలు ఇంటికి పంపుతారు. ఇరవై బోదెలు, బోదెకి నలభై గుంతలు, నేనొక్కణ్ణే తోసి నాటాలి. తిరిగి వచ్చేయాలి. జనవరిలో మళ్లీ వచ్చి కలుపు తీయాలి. ఫిబ్రవరి నెలాఖరున సుమైలి స్వయంగా వచ్చి చేను తడిమి చూస్తాడు. నేలకు పెద్దగా మామయ్య కూడా పక్కనుండి, ఈ చేలో అల్లుడి చేయి తప్ప మరో చేయి పడలేదని కాగితం మీద వేలిముద్ర వేయాలి. అప్పుడే పనిముట్లూ, శిక్షణ పూర్తయిందన్న పట్టా ఇస్తారు.

మరో చేయి అంటే ఎవరిదైనా. నీది కూడా. నేను లేనప్పుడు కూడా. ఇంత పట్టుదల ఎందుకని అడిగాను. ఇదివరకు ఒకాయన భార్య తరఫువాళ్లు ప్రేమకొద్దీ పొలమంతా తామే చేసి ఆయన చేశాడని చూపించారట. సుమైలి ఏడాది తర్వాత వెళితే, కేంద్రం ఇచ్చిన పార గోడకి వేలాడుతోంది, పిడికి కట్టిన చీటీ అలాగే ఉంది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు.

ఈ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించు.

బిస్విక్


నమిసోంగా,
21 సెప్టెంబరు 1986

తియామికె నాన్నగారికి,

చదివి వినిపించాను. మామయ్య రెండుసార్లు చదివించుకున్నాడు. "తాడు పట్టుకుని నాటేవాణ్ణి నేను చూళ్లేదు, చూస్తాను" అన్నాడు. వేలిముద్ర సంగతి అడిగితే, "చూసిందానికి వేస్తాను. చూడనిదానికి వేయను" అన్నాడు.

వాగు పక్కది కాకుండా ఇంటి వెనక చేను ఇమ్మని అడిగాను, మీకు నడక తక్కువవుతుందని. సరే అన్నాడు. అక్కడ ఎలుకలు ఎక్కువ అని అమ్మ అంటోంది. ఎలుకలు ఎక్కడ లేవు?

ఎనెలెసి


చిగోంబె,
14 డిసెంబరు 1986

తియామికె అమ్మకు,

తిరిగి చేరాను. అరిచేతుల్లో పొక్కులు పగిలి గట్టిపడ్డాయి. ఎనిమిది వందల గుంతలు నాటానని సుమైలికి చెబితే, "నాటావు సరే, ఎన్ని మొలిచాయి?" అన్నాడు. అదే నన్ను తినేస్తోంది. నేను బస్సెక్కేనాటికి ఎనిమిది బోదెల్లో మొలకలు చేతికి తగిలాయి. మిగతా పన్నెండింట్లో తడి నేలే.

వెంటనే రాయి. మొలకలు ఎలా ఉన్నాయి? ఖాళీలు ఎన్ని? వానలు పట్టాయా? కలుపు పెరుగుతుంది, పెరగనీ. చూస్తూ ఊరుకోవడం నీకు కష్టమని తెలుసు. చేతులు కట్టుకో.

బిస్విక్


నమిసోంగా,
29 డిసెంబరు 1986

తియామికె నాన్నగారికి,

మేం అందరం క్షేమం. క్రిస్మస్‌కి కోడి కోశాం. తియామికె ముందు పన్ను ఊడింది, దాన్ని ఇంటి మీదకి విసిరితే చూరులో ఇరుక్కుంది, నిచ్చెన వేసి తీసేదాకా ఏడుపు ఆపలేదు. గుమ్మడి తీగలు ఇంటి గోడ ఎక్కాయి. రోజూ ఆకు కూరే. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. వంటగది కప్పు కురుస్తుంటే చిన్నన్నయ్య వచ్చి గడ్డి కప్పి వెళ్లాడు. చర్చి సంఘం ఆడవాళ్లు కొత్త పాటలు నేర్చుకుంటున్నారు, నన్ను ముందు వరసలో నిలబెట్టారు.

మొలకలు బాగా వచ్చాయి. ఖాళీలు పెద్దగా లేవు. మామయ్య రోజూ పొద్దున చేను గట్టున కాసేపు నిలబడి వెళుతున్నాడు. ఏమీ అనడం లేదు.

వానలు బాగా ఉన్నాయి.

ఎనెలెసి


చిగోంబె,
25 జనవరి 1987

తియామికె అమ్మకు,

ఇంటి దగ్గర పదిహేను రోజులున్నాను. అడగలేకపోయాను. మీ అమ్మ, మామయ్య ఎప్పుడూ వసారాలోనే ఉన్నారు. నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం కాదు. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని భయం. అందుకే నాలుగు వందల కిలోమీటర్ల దూరం నుంచి అడుగుతున్నాను.

కలుపు తీస్తూ మూడో బోదెలో పదకొండో గుంత దగ్గర నా చెయ్యి ఆగింది. అటూ ఇటూ మొక్కలు నా మోకాలి దాకా ఉన్నాయి. అది జానెడు. ఆలస్యంగా మొలిచిందేమో అనుకుని ముందుకు పోయాను. అయిదో బోదెలో మళ్లీ రెండు తగిలాయి. పన్నెండో బోదె దాటాక వరసగా తగిలాయి. ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాను.

నేను గుంతకి మూడు గింజలు వేశాను. పొట్టి మొక్కలున్న గుంతల్లో రెండేసి ఉన్నాయి. మీ ఇంట్లో రెండే వేస్తారు.

వచ్చే నెల 26న సుమైలి వస్తాడు. ఆయన వేళ్లు నా వేళ్ల కన్నా చురుకు. ఎన్ని గుంతలో రాయి. ఎవరెవరికి తెలుసో రాయి.

బిస్విక్


నమిసోంగా,
4 ఫిబ్రవరి 1987

తియామికె నాన్నగారికి,

ఇది చదివే మిస్ న్యిరెండా గారికి నమస్కారం. అమ్మగారూ, దయచేసి ఇక్కడి నుంచి గొంతు తగ్గించి చదవండి. పక్కన ఎవరైనా ఉంటే తలుపు వేయండి.

ముప్పై ఒకటి. నేనే నాటాను.

మీరు బస్సెక్కిన నాలుగో రోజు చేలోకి వెళ్లాను, చూడ్డానికే. మట్టి తోడి పోసిన గుర్తులున్నాయి. ఎలుకలు గింజలు తవ్వుకుపోయాయి. తప్పు మీది కాదు. కానీ గుంత దగ్గర మొలక లేకపోతే మామయ్య ఏమనుకుంటాడు? ఎలుకలు తిన్నాయనుకుంటాడా, గుడ్డివాడు గింజ వేయడం మరిచాడనుకుంటాడా? రెండు రోజులు ఆగాను. మూడో రోజు పొద్దున్నే నీళ్ల కుండ అడుగున విత్తనాలు పెట్టుకుని, నీళ్లకి వెళుతున్నట్టు వెళ్లాను. రెండేసి గింజలు వేశాను, చెయ్యి అలవాటు. అది మీరు పట్టుకుంటారని అనుకోలేదు.

మీకు చెప్పకూడదనుకున్నాను. చెబితే మీరు ఆయనకి చెబుతారు, మీ సంగతి నాకు తెలుసు. తూకంలో పావు కిలో తేడా వస్తే దొర దగ్గరికి మీరే నడిచి వెళ్లేవారు.

ఇంకా ఉంది. మామయ్య చూశాడు. నేను ఆఖరి బోదెలో వంగి ఉన్నప్పుడు గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "పొద్దున్నే లేచావే" అన్నాడు. నీళ్లకి వచ్చాను అన్నాను. "చేలో నీళ్లు ఏం దొరుకుతాయి?" అని వెళ్లిపోయాడు. మీరు వచ్చి వెళ్లాక, మొన్న భోజనాల దగ్గర అందరి ముందూ, "అల్లుడు అక్కడుంటే ఇక్కడ కొత్త మొలకలు వస్తున్నాయి. పెద్ద చదువే చదువుతున్నాడు" అన్నాడు. అమ్మ నవ్వింది, ఆవిడకి విషయం తెలియదు. నేను గిన్నెలు తీసుకుని లేచాను.

26న మామయ్య ఆయన ముందు ఏం చెబుతాడో నాకు తెలియడం లేదు. వేలిముద్ర వేస్తే అబద్ధానికి వేసినట్టు. వేయకపోతే మీరు ఏప్రిల్లో వెళ్లిపోవాలి. నా చేత్తో నేనే చేసుకున్నాను. ఏం చేయమంటారో రాయండి. తిడతారా, అదీ రాయండి. మిస్ న్యిరెండా గారు చదివినా పర్వాలేదు.

ఎనెలెసి


చిగోంబె,
15 ఫిబ్రవరి 1987

తియామికె అమ్మకు,

తిట్టడం లేదు. మిస్ న్యిరెండా తలుపు వేసి చదివింది. చదివాక కాగితం మడిచి నా చేతిలో పెట్టింది.

సుమైలికి చెప్పాను. నువ్వు అనుకున్నట్టే. రెండు రోజులు తిండి సయించలేదు, మూడో రోజు వెళ్లాను. ఆయన విని, "నువ్వు చెప్పకపోతే అయిదో బోదె దగ్గరే నాకు తెలిసేది. అక్కడే కాగితం చింపేవాణ్ణి. ఇప్పుడింకా చింపలేదు" అన్నాడు.

తర్వాత ఒక మాట చెప్పాడు. అది నీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఇంక దాచడం వద్దు. ఎనిమిది వందల గుంతల్లో ఎనభై ఖాళీల దాకా పర్వాలేదట. ఎలుకలు, కాకులు, కుళ్లిన గింజలు, ఇవన్నీ వాళ్లకి తెలుసు. ముప్పై ఒకటి ఖాళీగా ఉండి ఉంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ నిబంధన నేను ముందే అడిగి నీకు రాసి ఉండాల్సింది. నేను అడగలేదు. ఖాళీల మాట ఎత్తితే ఖాళీలు వస్తాయని భయపడ్డాను. ఇందులో నా పాలు ఉంది.

ఇప్పుడు ఒకటే దారి అంటున్నాడు. మరో చేయి నాటిన మొక్కలు చేలో ఉండకూడదు. వాటిని నేనే, ఎవరూ చూపించకుండా, ఆయన ముందూ మామయ్య ముందూ గుర్తుపట్టి పీకేయాలి. ఒక్కటి మిగిలినా ఒప్పుకోనన్నాడు. నా సొంత మొక్కలు పొరపాటున పీకితే అవీ ఖాళీల కింద లెక్క.

నమిసోంగాలో ఫిబ్రవరిలో పచ్చి మొక్కజొన్న పీకడమంటే ఏమిటో నాకు తెలియనిది కాదు. గాదెలు అడుగంటిన నెల. నాకు వేరే దారి కనబడలేదు. 'కనబడలేదు' అన్న మాట ఇక్కడ ఎవరైనా అంటే సుమైలి నవ్వుతాడు, కానీ మొన్న నవ్వలేదు.

నువ్వు ముందుగా ఏ మొక్కా ముట్టుకోకు. గుర్తు పెట్టకు. మామయ్యకి మాత్రం ఎందుకు వస్తున్నామో చెప్పు. చెప్పడం కష్టమైతే ఈ కాగితం చదువు.

26న పది గంటలకల్లా వస్తాం.

బిస్విక్


నమిసోంగా,
6 మార్చి 1987

తియామికె నాన్నగారికి,

మీరు ఆ సాయంత్రమే కేంద్రం బండిలో వెళ్లిపోయారు. మామయ్య వేలిముద్ర వేయకుండా "చూద్దాం" అని కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత జరిగింది మీకు తెలియదు. ఆ రోజు జరిగిందాంట్లో కూడా కొంత మీకు తెలియదు. వరసగా రాస్తాను.

మీరు మొదటి మొక్క పీకినప్పుడు గట్టు మీద నలభై మంది ఉన్నారు. మీకు అంతమంది ఉన్నారని తెలిసి ఉండదు, ఎవరూ మాట్లాడలేదు కనుక. మీరు ఒక్కో మొక్క మొదలు పట్టుకుని, పైకి తడిమి, కంకి ఉందా లేదా చూసి వదిలేస్తున్నారు. కంకి లేనిచోట వంగి ఎన్ని మొదళ్లున్నాయో చూస్తున్నారు. రెండుంటే పీకుతున్నారు. అమ్మ అయిదో బోదె దాకా చూసి ఇంట్లోకి పోయింది. మా పెద్దమ్మ పైకే అంది, ఆకలిని పేరు పెట్టి పిలుస్తున్నాడని. మామయ్య ఆవిడ వైపు చూశాడు. మీరు మూడు గంటలు చేశారు. సుమైలి గారు మీ వెనకే ప్రతి గుంతా తడుముతూ వచ్చారు. మామయ్య ఇద్దరి వెనకా నడిచాడు, చేతికర్రతో గట్టు మీద గీతలు గీసుకుంటూ.

మీరు ముప్పై రెండు పీకారు. అందులో ఒకటి ఎక్కువని సుమైలి గారు మీకు చెప్పారో లేదో. ఒకటి మీదే. పద్నాలుగో బోదెలో, చెద పట్టి గిడసబారిపోయిన మొక్క, మూడో మొదలు ఎండి రాలిపోయింది. కంకి లేదు, అందుకని పీకారు.

పీకినవన్నీ తియామికె మోసుకొచ్చి మేకలకి వేసింది. అవి తిన్నాయి. ఆ సంగతి పెద్దమ్మకి చెప్పలేదు.

మూడు రోజులు మామయ్య మా గడప తొక్కలేదు. మూడు రోజులూ నాకు నిద్ర లేదు. రెండో రోజు చిన్నన్నయ్య వచ్చి, మామయ్య మీ ఊరికి మనిషిని పంపాడని చెప్పాడు, మీ అక్క కొడుకుల్ని రమ్మని. కబురు పెడితే అర్థం ఏమిటో నాకు తెలుసు. మీ బట్టలు ఉతికి ఆరేశాను. ఏం చేయాలో తెలియక అదే చేశాను.

నాలుగో రోజు మీ వాళ్లు ఇద్దరు వచ్చారు. మామయ్య అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. నన్ను పిలిచి అడిగాడు. "నువ్వు నాటింది నేను చూశాను, ముప్పై ఒకటి. అతను పీకింది చూశాను, ముప్పై రెండు. ఆ మిగిలింది ఎవరిది?"

ఆయనదే అన్నాను.

"నేను కళ్లతో లెక్కపెట్టినదానికీ అతను వేళ్లతో లెక్కపెట్టినదానికీ ఒక్కటే తేడా" అన్నాడు. మీ వాళ్ల వైపు తిరిగి, "ఈ పెళ్లికి మీ వైపు మధ్యవర్తులు మీరు కనుక పిలిచాను. ఈ మాట మీ ఎదుట అనాలి. మీ మనిషి నా పొలంలో పచ్చి మొక్కలు పీకాడు. అది మంచి పని కాదు. మళ్లీ చేస్తే ఊరుకోను" అన్నాడు. మీ పెద్ద మేనల్లుడు తల వంచుకుని సరేనన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు కాగితం తీశాడు. సిరా లేదు. నన్ను కుండ అడుగు మసి తెమ్మన్నాడు. బొటనవేలు రెండుసార్లు వేశాడు, మొదటిది సరిగా పడలేదని. కాగితం ఇందులో పెట్టాను, మసి అంటుకోకుండా అరటాకు మడత మధ్య ఉంది. మిస్ న్యిరెండా గారూ, జాగ్రత్తగా తీయండి.

ఆయన లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడు. మూడేళ్లుగా ఈ ఇంట్లో మిమ్మల్ని ఎవరూ ఏ పనీ అడగలేదు, గుర్తుందా? నీళ్లు కూడా తెచ్చి చేతికిచ్చేవాళ్లం. అప్పుడన్నాడు: "ఆగస్టులో మీ అమ్మ చేను బోదెలు అల్లుడే తోయాలి. మీ అన్నదమ్ములు ఇంక రారని చెప్పు. అల్లుడుండగా వాళ్లు చేయాలా ఏం?"

అమ్మ చేను మన చేనుకి రెండింతలు. పల్లం వైపు అంతా రాళ్లు. ఒకచోట పాత చెదపుట్ట ఉంది, దాని చుట్టూ తిరిగి తోయాలి. తాడు నిలవదేమో అని అప్పుడే బెంగ పట్టుకుంది నాకు. దాని గురించి సుమైలి గారిని అడగండి. ఈసారి ముందే అడగండి.

ఎనెలెసి